మొదటి వంతు

మా మావయ్యను చుట్టుపక్కల అందరూ ఉప్పు తాత అంటారు. ఆయన ఉప్పు పండించలేదు, అమ్మలేదు. నీళ్లు నోట్లో పోసుకుని అందులో ఉప్పు ఉందో లేదో చెప్పడం ఆయన పని. జీతం లేదు, సెలవు లేదు, నలభై ఏళ్లు చేశారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు నవ్వు ఆగలేదు. "మీ నాన్నగారికి ఇదేం ఉద్యోగమండీ?" అని మా ఆయన్ని అడిగాను. "నువ్వు తినే అన్నం ఆ ఉద్యోగానిదే, పళ్లు ఇకిలించకు" అన్నాడు. ఆ రోజు రెండు పూటలా ఆయనతో మాట్లాడలేదు. కానీ మా ఆయన చెప్పింది నిజమే.

మాది కాలువ చివరి భూమి. పెద్ద కాలువలో వదిలిన నీళ్లు పైవాళ్లందరి పొలాలూ తడిపాక మిగిలితే మా దాకా వస్తాయి. మిగిలితే కదా! ఏడాదిలో రెండు మూడు సార్లు వస్తే పండగ చేసుకున్నట్టే. మిగతా రోజుల్లో మాకు మురుగు కాలువే దిక్కు. పైపొలాలు వదిలేసిన నీళ్లన్నీ అందులో చేరి, మా పక్క నుంచే సముద్రంలోకి పోతాయి. అక్కడో ఇనుప గేటు ఉంది. చక్రం తిప్పి గేటు ఎత్తితే నీళ్లు మా పిల్లకాలువలోకి మళ్లుతాయి, ముప్పై రెండు కుటుంబాల పొలాలకు వంతులవారీగా పారతాయి. ఒకరు వాడి వదిలిన నీళ్లైతే ఏం, వరికి అవేమీ పట్టవు.

చిక్కంతా పైన ఉన్న రొయ్యల చెరువులతో. ఆ చెరువులకు ఉప్పు నీళ్లు కావాలి. పని అయిపోయాక ఆ నీళ్లను తెచ్చి మురుగు కాలువలోకే వదిలేస్తారు. ఏ రోజు వదులుతారో చెప్పరు. వెళ్లి అడిగితే, "మేమా? మేమెందుకు వదుల్తామండీ?" అని ఏమీ ఎరగనట్టు మొహం పెడతారు. అందుకే గేటు ఎత్తే ముందు ప్రతి పొద్దునా ఒకరు నీళ్లు రుచి చూడాలి. రుచి చూసే ఇంటికి మొదటి వంతు. ఇది పాతకాలం నుంచీ ఉన్న కట్టుబాటు. పెట్టినవాళ్లు తెలివైనవాళ్లే. తప్పు చెబితే ముందు చెప్పినవాడి పొలమే చెడుతుంది కదా, ఇక ఎవడు తప్పు చెబుతాడు?

మా నాలుగెకరాలు పిల్లకాలువకు కొసన ఉన్నాయి. మొదటి వంతు పోయిందంటే మాది ముప్పై రెండో వంతు. ముప్పై రెండో వంతుకు బురద తప్ప ఏమీ రాదు. మా పొలం బతికింది మావయ్య నాలుక మీదే.

ఆయన రుచి చూడటం మీరు చూడాల్సింది. గేటు మెట్ల మీద గొంతుక్కూర్చుని, మగ్గుతో నీళ్లు ముంచి, నోట్లో పోసుకుని, కళ్లు మూసుకునేవారు. ఎడమ బుగ్గలోకి, కుడి బుగ్గలోకి తిప్పేవారు. జనం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. తుపుక్కున ఉమ్మి, "తియ్యగా ఉన్నాయి, ఎత్తండి" అంటే గేటు చూసుకునే లస్కరు చక్రం తిప్పేవాడు. "ఉప్పు" అంటే అందరూ చెరువుల వాళ్లను తిట్టుకుంటూ ఇళ్లకు వెళ్లేవాళ్లు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

రెండేళ్ల కిందట చలికాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు మంచం దిగలేదు. లేచేసరికి మనిషి సగమయ్యారు. ఆ తర్వాత ఒక రోజు నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. కోపంలో వండితే ఏం వేశానో నాకే గుర్తుండదు. కోత మిషను మీద పనికి వెళ్లిన మా ఆయన వారంలో వస్తానని చెప్పి మూడు వారాలకు వచ్చాడు, ఆ కోపం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఏంటే ఇది, నన్ను ఊరబెడదామనుకున్నావా?" అని కంచం ముందు నుంచి లేచాడు. మావయ్య మాత్రం తల వంచుకుని కంచం ఖాళీ చేశారు. "చూడండి, పెద్దాయన నోరెత్తారా? వంకలన్నీ మీకే" అని మా ఆయన్ని దులిపేశాను. మావయ్యది ఎంత మంచి మనసు అనుకున్నాను.

గిన్నెలు కడుగుతుంటే కొద్దిగా కూర నా నోటికి తగిలింది. నేనే ఉమ్మేశాను. మంచి మనసుకైనా ఒక హద్దుండాలి కదా అనిపించింది. మర్నాడు ఆయనకు విడిగా, ఉప్పు లేకుండా కూర తీసి పెట్టాను. తిన్నారు. పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే వెనకాలే వెళ్లాను.

"మావయ్యా, కూరలో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది తల్లీ."

"నేను వెయ్యనే లేదు."

ఆయన చెయ్యి తొట్టిలో అలాగే ఉండిపోయింది. కాసేపటికి తొట్టి అంచు మీద కూలబడ్డారు.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి ఇంతే" అన్నారు. "ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నా. రాలేదు."

"మరి గేటు దగ్గర తియ్యగా ఉన్నాయని చెప్పారుగా! ఈ నెలలోనే మూడుసార్లు ఎత్తించారు!"

"రంగు చూసి చెప్పా. ఉప్పు నీళ్లయితే మట్టి అడుక్కి దిగిపోతుంది, తేటగా ఉంటాయి. మంచి నీళ్లు ఎర్రగా ఉంటాయి. అదృష్టం, తప్పలేదు."

"అదృష్టమా? ముప్పై రెండు ఇళ్ల పొలాలు మీ అదృష్టం మీద పెట్టారా?" నా గొంతు నాకే తెలియకుండా లేచింది.

"కేకలు పెట్టు తల్లీ. ఇంకా గట్టిగా పెట్టు. అందరూ వింటారు. రేపట్నుంచి వేరేవాళ్లు రుచి చూస్తారు. మొదటి వంతు కూడా వాళ్లదే."

నేను నోరు మూసుకున్నాను. నా నోరు ఊరికే మూతపడేది కాదు, అది మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ రోజు మూతపడింది.

ఉపాయం నేనే ఆలోచించాను. మావయ్యకు ఒంట్లో బాగాలేదు, చెయ్యి వణుకుతోంది, మగ్గు నేను ముంచి ఇస్తాను అని అందరికీ చెప్పాను. మగ్గు కడుగుతున్నట్టు ముందు నేనే ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేదాన్ని. తర్వాత నీళ్లు ముంచి ఆయనకు అందించేదాన్ని. మగ్గు చెవి ఆయన వైపు తిప్పితే తియ్యగా ఉన్నాయని గుర్తు. నా వైపు ఉంటే ఉప్పని గుర్తు. ఆయన కళ్లు మూసుకుని బుగ్గలు ఉబ్బించి పాత వేషమంతా వేసి, నేను చెప్పిందే చెప్పేవారు. మొదటి రోజు ఇంటికొచ్చాక ఇద్దరం నవ్వుకున్నాం. "నాటకాల్లో చేరాల్సింది మావయ్యా" అన్నాను. "నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?" అన్నారు. ఒక పంట కాలమంతా ఒక్క పొరపాటు లేకుండా జరిగిపోయింది. నా నాలుక మంచిదే. దాని తప్పేమీ లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మట్టి పరీక్షలు చేసే ఆఫీసు నుంచి ఒకమ్మాయి వస్తుండేది. మట్టి మేడం అనేవాళ్లం. పెన్నులా ఉండే మీటరు ఒకటి తెచ్చి, నీళ్లలో ముంచితే ఎంత ఉప్పుందో అంకెలు చూపిస్తుందని నేర్పించి, రుచి చూసే ఇల్లు కాబట్టి మా ఇంట్లోనే పెట్టి వెళ్లింది. నెలకల్లా దాని బిళ్ల బ్యాటరీ అయిపోయింది. అలాంటి బ్యాటరీ బస్టాండు ఎదురుగా గడియారాల షాపులో దొరుకుతుంది. ఆ షాపు ముందు నుంచి వారానికి రెండుసార్లు నడిచాను, ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. పెన్ను పనిచేస్తే నాలుకతో పనేముంది? నాలుకతో పని లేకపోతే మాకు మొదటి వంతు ఎవరిస్తారు? ఆ పెన్నును బీరువా మీద పాత సంచుల కింద పెట్టేశాను.

ఆ అమ్మాయి మరో మాట కూడా నెత్తీ నోరూ బాదుకుని చెప్పింది. మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట పూడిపోయింది, నీళ్లు బయటికి పోవడం లేదు, మీ భూమి కింద నీటిమట్టం పైకొస్తోంది, దాంతోపాటు ఉప్పూ పైకొస్తోంది అంది. కాలువ మూతి తవ్వుకోండి, పొలాల మధ్య నీళ్లు బయటికి పోయేలా మురుగు బోదెలు తీసుకోండి, ఇంటికో మనిషి పది రోజులు వస్తే అయిపోతుంది అంది. నీటి సంఘం గదిలో అందరం కూర్చుని సరే సరే అన్నాం, టీ తాగాం, లేచి వచ్చేశాం. మొదట ఎవరు పార పట్టుకుంటే వాళ్ల వెనకాల పోదామని ప్రతివాళ్లూ ఎదురుచూశారు. నేనూ అంతే చేశాను.

ఈ ఏడాది పెద్ద కాలువకు ఒక్కసారి నీళ్లు వదిలారు. ఆశపడి అందరం నాట్లు వేశాం. తర్వాత జలాశయంలో నీళ్లు లేవని కాలువ కట్టేశారు. నాటు వేసి ఇరవై రోజులైంది, మడిలో నెర్రెలు వచ్చాయి. ఆకులు ముడుచుకుని పుల్లల్లా నిలబడ్డాయి. పొద్దున్నే వెళ్లి చూసేదాన్ని, మధ్యాహ్నం వెళ్లి చూసేదాన్ని. చూసి చేసేదేముంది? కళ్ల ముందు పోతుంటే ఒళ్లు మండిపోయేది. మా ఆయన కోత మిషనుతో ఎక్కడో దూరాన ఉన్నాడు. ఫోన్ చేసి, "ఏమైంది, నీళ్లు వచ్చాయా?" అని అడిగేవాడు. "వచ్చాయి, నా కళ్లలోకి" అని పెట్టేసేదాన్ని.

మిగిలింది మురుగు కాలువే. మొదటి రోజు గేటు దగ్గరకు జనమంతా వచ్చారు. నీళ్లు నోట్లో పోసుకుంటే నాలుక చుర్రుమంది. మగ్గు చెవి నా వైపు ఉంచాను. మావయ్య "ఉప్పు" అన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. మూడో రోజు ఎవ్వరూ చెరువుల వాళ్లను తిట్టలేదు. ఊరికే ఇళ్లకు పోయారు. పక్క పొలం పిన్ని మాత్రం గట్టు మీద కూర్చుండిపోయింది. మొగుడు పోయాక పదేళ్లుగా ఒంటి చేత్తో రెండెకరాలు చేసుకుంటున్న మనిషి ఆమె. నాకు పురుడు పోసినామె. ఎప్పుడూ నన్ను ఆటపట్టించేది.

నాలుగో రోజు పొద్దున నేను పొలం చూసి గేటు దగ్గరకు వెళ్లాను. కొన్ని దుబ్బులు ఎండిపోయాయి, లాగితే వేళ్లతో సహా చేతిలోకి వచ్చాయి. ఇంకో రెండు రోజులు, అంతే. గేటు దగ్గర లస్కరు చక్రం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పే. కానీ నిన్నటంత లేదు. ఏడుస్తున్నప్పుడు కన్నీళ్లు పెదాల మీదికి జారితే ఎంత ఉంటుందో అంత.

ఆ కాస్త ఉప్పుకు ఏమవుతుంది అనుకున్నాను. ఒక్క తడి, పొలం ప్రాణం నిలబడుతుంది, తర్వాత ఎలాగూ కాలువ వదులుతారు, కడుక్కుపోతుంది అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవడానికి అంత టైం ఉందా, నాకు తెలియదు. చెవి మావయ్య వైపు తిప్పి మగ్గు అందించాను.

ఆయన నీళ్లు నోట్లో పోసుకోబోతూ ఆగారు. మగ్గులోకి చూశారు. "ఇంత తేటగా ఉన్నాయేంటి తల్లీ?" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

"తియ్యగానే ఉన్నాయి మావయ్యా. చూడండి."

ఆయన కళ్లు మూసుకుని, బుగ్గలు ఉబ్బించి, ఉమ్మి, "తియ్యగా ఉన్నాయి, ఎత్తండి" అన్నారు. జనం ఒక్కసారిగా కేక వేశారు. చక్రం తిరిగింది. పిన్ని వచ్చి మావయ్య చేతులు పట్టుకుంది. "చల్లగా ఉండు బావా" అంది. నేను చూడలేక పొలానికి పరిగెత్తాను.

మొదటి వంతు మాది. నీళ్లు నెర్రెల్లోకి గుటగుటమంటూ దిగాయి. మడిలో చీలమండల దాకా నీళ్లలో నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ రోజంతా సంతోషంగానే ఉన్నాను.

వంతులన్నీ పూర్తవడానికి నాలుగు రోజులు పడుతుంది. ప్రతి పొద్దునా మళ్లీ రుచి చూడాలి. రెండో రోజు నోట్లో పోసుకోగానే ఉప్పు నాలుకను పట్టేసింది. చెరువుల వాళ్లు మళ్లీ వదిలారు, గేటు ఎత్తని ఆ మూడు రోజుల కంటే ఎక్కువ. మగ్గు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అందరూ నన్ను కాదు, మావయ్యను చూస్తున్నారు. మా పొలం నిండింది. ఇప్పుడు ఉప్పు అంటే ఏమంటారు? "మీది తడిసిందిగా, ఇక మాకు ఉప్పే అవుతుంది" అంటారు. ఎవరో ఒకరు ఒక గుక్క నోట్లో పోసుకుంటారు, రాత్రికి రాత్రి ఇంత ఉప్పు ఎలా వచ్చిందని అడుగుతారు, నిన్న కూడా ఉండే ఉంటుందని తేల్చేస్తారు. చెవి మళ్లీ ఆయన వైపు తిప్పాను. మూడో రోజూ తిప్పాను. నాలుగో రోజూ తిప్పాను. పిన్ని పొలం వంతు నాలుగో రోజు. అన్నిటికంటే ఎక్కువ ఉప్పు ఆ రోజు నీళ్లలోనే ఉంది. ఆమె పార పట్టుకుని గట్టు తెంచి తన చేతులతోనే నీళ్లు పెట్టుకుంది.

నలభై ఏళ్ల నమ్మకం అది. ముప్పై రెండు ఇళ్లలో ఒక్కరు కూడా వేలు ముంచి నాలుకకు రాసుకోలేదు.

ఆరో రోజుకు ఆకుల కొసలు తెల్లబడ్డాయి. పదో రోజుకు మడంతా ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఎండలు ముదిరాయి, నీళ్లు ఆవిరైపోయాయి, నేల మీద తెల్లగా పొర కట్టింది. మొదట మాది, తర్వాత వంతుల వరుసలోనే ఒక్కొక్కళ్లది. కాళ్లకింద ఆ పొర కరకరమనేది. మావయ్య గట్టు మీద నిలబడి చూశారు. ఆ నాలుగు రోజులూ నేనేం చేశానో ఆయనకు అప్పుడే అర్థమైపోయింది.

మట్టి మేడం పారతో వచ్చింది. నాలుగు చోట్ల తవ్వింది, కొత్త పెన్ను ముంచింది, అంకెలు చూసి నుదురు పట్టుకుంది.

"ఈ నీళ్ల వల్లేనా మేడం?" అని ఎవరో అడిగారు.

"ఈ నీళ్లు ఒక్కటే కాదండీ. లోపల ఎప్పట్నుంచో పేరుకుని ఉంది. మూరెడు లోతులోనే ఉప్పు నీళ్లు నిలబడి ఉన్నాయి, పోయే దారి లేదు. ఈ తడితో అదీ ఇదీ కలిసిపోయి పైకొచ్చేసింది."

"మరి ఏం చెయ్యాలి?"

"మంచి నీళ్లు పెట్టి, నిలబెట్టి, కిందికి దించి, మురుగులోంచి బయటికి పంపాలి. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు. మంచి నీళ్లు ఉండాలి, మురుగు పారాలి." ఆమె అంతకంటే చెప్పలేదు. మంచి నీళ్లూ లేవు, పారే మురుగూ లేదు.

ఆ వారమే నీటి సంఘం గదిలో అందరం కూర్చున్నాం. అద్దం పగిలిన కిటికీ, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద వంతుల పట్టిక. మేం ముందు వరసలో కూర్చున్నాం, ఎప్పుడూ మా చోటు అదే. అరుస్తారనుకున్నాను, కొడతారనుకున్నాను. ఎవ్వరూ గొంతెత్తలేదు. లస్కరే మెల్లగా అడిగాడు.

"తాతా, నలభై ఏళ్లుగా నీ మాట మీద చక్రం తిప్పా. ఏమైంది తాతా?"

మావయ్య లేచి నిలబడ్డారు.

"నాకు రుచి పోయింది. జ్వరం వచ్చినప్పుడే పోయింది. చెప్పడానికి సిగ్గేసింది. మొదటి వంతు పోతుందని దాచా. తప్పు నాదే."

నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. పిన్ని వెనక వరస నుంచి ముందుకు వంగి నన్ను అడిగింది, "నీకు తెలుసా అమ్మాయ్?"

తెలుసు అనాలి. తెలుసు, చెప్పింది ఆయన కాదు, నేను అనాలి. అంతే, రెండు మాటలు. పది మందిని కడిగిపారేసే నోరు నాది. ఆ గదిలో నీళ్లు నమిలాను.

"తెలీదు పిన్నీ" అన్నాను.

మావయ్య కూర్చున్నారు. ఎవరో నిట్టూర్చారు. వయసైపోయిన మనిషిని ఏమంటాం అన్నారు. మరి రేపట్నుంచి ఎవరు చూస్తారు అని ప్రశ్న వచ్చింది. పెన్ను కొనుక్కుందామని ఒకరు అన్నారు, దాన్నెవరు నమ్ముతారని ఇంకొకరు అన్నారు. అప్పుడు పిన్నే అంది, "కోడలు చూస్తుంది. ఇన్నాళ్లూ పక్కనే ఉంది, పని తెలుసు. మామ దాచితే పిల్లేం చేస్తుంది? ఆ ఇంటి వంతు ఆ ఇంటికే ఉండనివ్వండి." అందరూ చేతులెత్తారు. నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. మొదటి వంతు మా ఇంటికే ఖాయం చేశారు.



ఇంటికొచ్చాక మావయ్య కాళ్ల మీద పడ్డాను. "చెప్పేస్తాను మావయ్యా, ఇప్పుడే వెళ్లి చెప్పేస్తాను." ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు. "చెబితే భూమి తిరిగొస్తుందా? నాకెలాగూ పోయింది. నీకైనా మొహం ఉండనివ్వు" అన్నారు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం తగ్గించేశారు. అన్నం పెడితే తినేవారు. తల్లీ అని పిలవడం మానేశారు.

పదకొండు రోజులకు పెద్ద కాలువకు నీళ్లు వదిలారు. పైన ఎక్కడో వానలు పడ్డాయట. మురుగు కాలువ కూడా నిండా ఎర్రగా వచ్చింది. లస్కరు వచ్చి పిలిచాడు. గేటు దగ్గరకు వచ్చింది ఏడెనిమిది మందే, మిగతావాళ్లకు తడపడానికి ఏముంది? నీళ్లు నోట్లో పోసుకున్నాను. తియ్యటి నీళ్లు. చిన్నప్పుడు తాగిన నీళ్లలా ఉన్నాయి. చెప్పకుండా ఇంకో గుక్క ముంచి పోసుకున్నాను. "ఉప్పా?" అన్నాడు లస్కరు. కాదని తల ఊపాను. చక్రం తిప్పాడు.

నేను సరాసరి పిన్ని ఇంటికి వెళ్లాను. పరిగెత్తాననే చెప్పాలి. ఒక్క తడితో అయ్యేది కాదని నాకూ తెలుసు. అయినా ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలి. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"పిన్నీ, మంచి నీళ్లొచ్చాయి. మొదటి వంతు నువ్వు తీసుకో. నీళ్లు నిలబెట్టు, ఉప్పు దిగుతుంది. మురుగు బోదె నేను తవ్వుతాను, ఇవాళే మొదలుపెడతాను. మా వంతు ఇక మాకొద్దు, ఎప్పటికీ నీకే."

ఆమె చేట పక్కన పెట్టింది.

"నా చేనుకి నీళ్లెందుకే ఇక? చెరువుల వాళ్లకి ఇచ్చేశాగా. మొన్న సంతకం పెట్టా. ఎల్లుండి తవ్వే మిషను వస్తుందట."

ఆమె పొలానికీ మా పొలానికీ మధ్య ఉన్నది ఒక్క గట్టే. అక్కడ ఉప్పు నీళ్ల చెరువు వచ్చిందంటే మా నేల ఇక ఎన్ని మంచి నీళ్లు పోసినా వరి పండే నేల కాదు. మా చుట్టుపక్కల వాళ్లదీ అంతే. ఆమె చెరువు నీళ్లు కూడా ఆ మురుగు కాలువలోకే వస్తాయి.

"ఎందుకు పిన్నీ? ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే ఏం చేస్తావే? నాకు తినడానికి కావాలిగా. అందులో ఇంకేం పండుతుంది? ఉప్పు తిన్న నేల, ఉప్పు పనికే పోయింది." ఆమె నవ్వబోయింది. "నువ్వేడవకు. నీ తప్పేముంది ఇందులో?"

"నాదే పిన్నీ. ఆ నాలుగు రోజులూ మావయ్య..."

"ఊరుకో" అంది. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పెద్దాయన తన తప్పు తనే ఒప్పుకున్నాడు. ఇంకా ఆయన మీద ఏమీ చెప్పకు. కోడలివి నువ్వే అలా అంటే ఆయన ఏమైపోతాడు?"

"అది కాదు పిన్నీ, విను..."

"వినను. నా ఇంట్లో ఆ మాట వద్దు." చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మావయ్య వరండాలో కూర్చుని ఉన్నారు. గేటు ఎత్తిన చప్పుడు ఆయనకు వినబడే ఉంటుంది. పిల్లకాలువలో నీళ్లు మా ఇంటి ముందు నుంచే పారుతున్నాయి. నేను మెట్ల మీద కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆయనే ముందు మాట్లాడారు.

"నీళ్లెలా ఉన్నాయి?"

"తియ్యగా ఉన్నాయి మావయ్యా."

"ఈసారి నిజమేనా?"

"నిజమే మావయ్యా. ఒట్టు."

ఆయన కాలువ వైపు చూశారు. తర్వాత గోడ పట్టుకుని లేచి, చెప్పులు వేసుకుని, తనే రుచి చూసి వస్తానని బయల్దేరారు.